చిటికెడు సాంబ్రాణి... ఓ చీటీ!

దేవతల విగ్రహాలకు మొక్కాలి. చక్రవర్తి ప్రతిమ ముందు చిటికెడు సాంబ్రాణి వేసి, కాస్త ద్రాక్షసారా ధారపోయాలి. క్రీస్తును ఒక్క మాట తిట్టాలి. అంతే... ఇంటికెళ్లిపోవచ్చు! రోమన్ సామ్రాజ్యంలో పట్టుబడ్డ క్రైస్తవులకు అధికారులు పెట్టిన పరీక్ష ఇది. ఆ పని చేయలేక ప్రాణాలొదిలినవారున్నారు. చేసేసి, ఆనక కన్నీళ్లతో మళ్లీ చర్చి గుమ్మం ముందు నిలబడినవారూ ఉన్నారు. అలాంటి మతమే మూడు శతాబ్దాలు దాటేసరికి ఆ సామ్రాజ్యానికి అధికార మతమైంది!

వెతకొద్దు... వదలొద్దు!

క్రీ.శ. 64లో రోమ్ నగరం తగలబడింది. నిప్పు పెట్టించింది చక్రవర్తి నీరోయేనని పుకారు పుట్టింది. దాన్ని మాపుకోవడానికి ఆయన నేరాన్ని క్రైస్తవుల మీదికి నెట్టి చిత్రహింసలు పెట్టాడని చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. సుమారు 112లో, ఇప్పటి తుర్కియేలో ఉన్న బిథీనియాకు గవర్నరుగా పనిచేస్తున్న ప్లినీకి ఓ సందేహం వచ్చింది. క్రైస్తవులను ఏం చేయాలంటూ చక్రవర్తి ట్రాజన్‌కి ఉత్తరం రాశాడు. వాళ్లకోసం వెతకొద్దు, ఆకాశరామన్న ఉత్తరాలు పట్టించుకోవద్దు, నేరం రుజువైతే మాత్రం శిక్షించు, మన దేవతలకు మొక్కితే వదిలెయ్... ఇదీ ట్రాజన్ జవాబు సారాంశం.

అంటే, నిత్యం వేట లేదు. కానీ ఇరుగుపొరుగుతో పేచీ వస్తే చాలు, ప్రాణం మీదికొచ్చేది. 203లో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్‌లో పెర్పెచువా అనే 22 ఏళ్ల యువతి పట్టుబడింది. చంకలో పాలు తాగే బిడ్డ. నా నెరిసిన జుట్టు చూసైనా జాలిపడమ్మా అంటూ తండ్రి బతిమాలాడు. ఆమె లొంగలేదు. ప్రజలందరూ చూస్తుండగా మృగాల ముందుకు తోశారు. చివరికి కత్తికి బలైంది.

పూజ చేసినట్టు సర్టిఫికెట్!

250లో డేషియస్ చక్రవర్తి మరో అడుగు ముందుకేశాడు. సామ్రాజ్యంలోని ప్రజలంతా దేవతలకు బలి అర్పించాలి, ప్రసాదం రుచి చూడాలి, అధికారుల సంతకంతో చీటీ తీసుకోవాలి. పాపిరస్ మీద రాసిన అలాంటి చీటీలు ఈజిప్టు ఇసుకలో 40కి పైగా దొరికాయి. వాటిలో ఒకటి మొసలి దేవుడి పూజారిణిది! పొద్దస్తమానం దేవుడి సేవలో ఉండే ఆమెకూ చీటీ తప్పలేదన్నమాట.

క్రైస్తవుల్లో కొందరు భయపడి పూజ చేశారు. కొందరు డబ్బిచ్చి దొంగ చీటీలు కొన్నారు. గండం గడిచాక అసలు తగువు మొదలైంది... వీళ్లను మళ్లీ చేర్చుకోవాలా, వద్దా? ప్రాయశ్చిత్తం చేయించుకుని చేర్చుకోవాలన్నాడు కార్తేజ్ బిషప్ సిప్రియన్. 258లో ఆయన కూడా కత్తికి తలవంచాల్సి వచ్చింది.

ఇంత ఒత్తిడిలోనూ సంఘం ఎలా నిలిచింది? ఆదుకునే గుణం దానికి పెద్ద బలం. 251 నాటికి రోమ్ చర్చి 1,500 మందికి పైగా వితంతువులను, దిక్కులేనివారిని పోషిస్తోందని అప్పటి బిషప్ కొర్నేలియస్ లేఖ చెబుతోంది.

పుస్తకం ఇస్తావా, ప్రాణమిస్తావా?

260 తర్వాత నలభై ఏళ్లు ప్రశాంతంగా గడిచాయి. అప్పుడొచ్చింది పెద్ద తుపాను. 303 ఫిబ్రవరి 23న నికొమీడియాలో, డయొక్లీషియన్ చక్రవర్తి రాజప్రాసాదానికి ఎదురుగా కనిపించే చర్చిని సైనికులు నేలమట్టం చేశారు. చర్చిలు కూల్చండి, గ్రంథాలు కాల్చండి అని మర్నాడే శాసనం వెలువడింది. కొందరు బిషప్పులు గ్రంథాలు అప్పగించేశారు. ఒకాయన వైద్యగ్రంథాలు చేతిలో పెట్టి గట్టెక్కాడట! ఇచ్చినవారి మీద ‘ద్రోహి’ ముద్ర పడింది. ఆ గొడవతో ఉత్తర ఆఫ్రికా చర్చి రెండుగా చీలి, వందేళ్లకు పైగా కొట్టుకుంది.

అయినా మతం చావలేదు. 311 ఏప్రిల్‌లో, రోగంతో మంచాన పడ్డ గలేరియస్ చక్రవర్తి ఓటమి ఒప్పుకున్నాడు. క్రైస్తవులు తమ మతాన్ని పాటించుకోవచ్చు, తన క్షేమం కోసం వాళ్ల దేవుణ్ని ప్రార్థించాలి అని ప్రకటించాడు.

సెలవు దొరికింది

312 అక్టోబరు 28న రోమ్ దగ్గర మిల్వియన్ వంతెన యుద్ధంలో కాన్‌స్టంటైన్ గెలిచాడు. ఆ విజయం క్రీస్తు దయేనని నమ్మాడు. మరుసటి ఏడాది మిలాన్‌లో ఆయనా, తూర్పు చక్రవర్తి లిసీనియస్ కలిసి ఒప్పందానికొచ్చారు. క్రైస్తవులే కాదు, ఎవరైనా సరే నచ్చిన దైవాన్ని కొలుచుకోవచ్చు. లాక్కున్న ఆస్తులు పైసా తీసుకోకుండా తిరిగివ్వాలి.

321లో కాన్‌స్టంటైన్ మరో శాసనం చేశాడు. సూర్యుడి రోజున కోర్టులూ, పట్టణాల్లో పనులూ ఆపాలి. రైతులు మాత్రం పొలం పనులు చేసుకోవచ్చు. మన ఆదివారం కూడా ఆదిత్యవారమే కదా! ఆయన మాత్రం 337లో మరణశయ్య మీదే బాప్తిస్మం తీసుకున్నాడు.

తిరగబడిన తక్కెడ

మిలాన్‌లో అందరికీ దక్కిన స్వేచ్ఛ ఎక్కువకాలం నిలవలేదు. 67 ఏళ్లు తిరిగేసరికి, 380లో థియొడోసియస్ చక్రవర్తి నైసియా సభ నిర్ణయించిన విశ్వాసాన్నే ప్రజలంతా పాటించాలన్నాడు. 391లో పాత దేవతలకు బలులు నిషేధించాడు. చిటికెడు సాంబ్రాణి వేయనందుకు శిక్షించిన రాజ్యంలో, ఇప్పుడు పాత పూజలే నేరమయ్యాయి.

385 ప్రాంతంలో, ఇప్పటి జర్మనీలోని ట్రియర్‌లో, స్పెయిన్‌కు చెందిన ప్రిసిలియన్ అనే బిషప్ మీద విచారణ జరిగింది. ఫిర్యాదు చేసింది తోటి క్రైస్తవ బిషప్పులే. శిక్ష వేయాల్సిందీ క్రైస్తవ చక్రవర్తే. రక్తం చిందించొద్దని టూర్ బిషప్ మార్టిన్ చక్రవర్తిని వేడుకున్నాడు. మార్టిన్ ఊళ్లో ఉన్నన్నాళ్లూ విచారణ ఆగింది. ఆయన వెళ్లిపోయాక ప్రిసిలియన్ తల తెగింది.