ఉప్పును విడిచి రంగును పట్టు పొర

వేసవిలో సబ్జా గింజలను నానవేసినప్పుడు ఒక్కొక్క గింజ చుట్టును మెత్తని పొర ఉబ్బుట శ్రోతలు చూచియే యుందురు. ఆ పొరలో అధికభాగము నీరే, అయినను కారిపోదు. సన్నని పోగుల వల ఆ నీటిని పట్టియుంచును. ఇట్టి పదార్థమునకే హైడ్రోజెల్ అని పేరు. ఇది జల్లెడవలె ఎట్లు పనిచేయునో మనవి చేయదలచితిమి.

1861లో థామస్ గ్రాహం అను శాస్త్రజ్ఞుడు గంజి పట్టించిన వ్రాతకాగితమును తడిపి నీటిపై పరచి, దానిమీద చక్కెరయు తుమ్మబంకయు కరగిన నీటిని పోసెను. ఒక దినము గడచునప్పటికి చక్కెర చాలవరకు క్రింది నీటిలోనికి దిగినది. బంక పైననే నిలిచినది. ఈ పద్ధతికి ఆయన ‘డయాలిసిస్’ అని పేరిడెను.

దీనికి ముఖ్యకారణము పరిమాణభేదము. ఉప్పులోని సోడియము భారము 23. అద్దకపు రంగుల అణుభారము కొన్ని వందలు. రక్తములోని ఆల్బుమిన్ అను ప్రొటీనుది సుమారు 66,000. వల కన్నులు తగినంతగా నున్నచో చిన్నవి దాటును, పెద్దవి ఆగును.

ఇందువలన ప్రయోజనమేమి? నూలుబట్టకు రియాక్టివ్ రంగులద్దునప్పుడు లీటరు నీటికి పదుల గ్రాముల ఉప్పు కలుపుదురు. పని ముగిసిన పిదప ఆ ఉప్పును, మిగిలిన రంగును మురుగులో కలియును. అది ఏటికి చేరినచో పైరునకును త్రాగునీటికిని చేటు. మిక్కిలి బిగువైన పొరతో వడకట్టినచో ఉప్పు, రంగు రెండును ఒకేచోట మిగిలి దేనికిని కొరగావు. ఉప్పును మాత్రము దాటనిచ్చినచో ఆ నీరు మరల అద్దకపు తొట్టికి పనికివచ్చును.

నీటితో నిండిన జెల్‌కు మరియొక సుగుణము కలదు. సామాన్యమైన ప్లాస్టిక్ పొరలకు ప్రొటీనులు అంటుకొని రంధ్రములను పూడ్చును. జెల్‌కు అంత సులభముగా అంటుకొనవు.

అయితే ఆ మెత్తదనమే దాని లోపము. ఎక్కువగా ఉబ్బినచో కన్నులు పెద్దవై రంగు జారును. పోగులకు ముడులు పెంచినచో గట్టిపడును గాని నీటి పారుదల తగ్గును. అందుచే శాస్త్రజ్ఞులు మితముగా ముడివేసిన జెల్‌ను మిక్కిలి పలుచగా, రంధ్రములు గల గట్టి పొరపై పరచుచున్నారు. మందము సగమైనచో అదే ఒత్తిడికి జెల్ గుండా పారు నీరు ఇంచుమించు రెట్టింపగును. బలమును క్రింది పొర యిచ్చును. పోగులకు ఋణవిద్యుత్తు నిచ్చినచో అట్టి విద్యుత్తే గల రంగులను త్రోసివేయును. అది మితిమీరినచో ఉప్పును సైతము అడ్డగించును.

కావున క్రొత్త పొరను గూర్చి విన్నప్పుడు, ఎంత రంగును ఆపినదని మాత్రమే గాక, ఎంత ఉప్పును విడిచినది, ఎన్నాళ్ళు నిలిచినదని కూడ అడుగవలెను.