మన టీమ్‌కి స్పీడ్ సరిపోతుందా? ఫోన్ పట్టుకొని గ్రౌండ్‌లో చూసుకుందాం

మెదక్ నుంచి మాట్లాడుతున్నా. పోయిన ఆదివారం మా గల్లీ ఫుట్‌బాల్ టీమ్ 3-1తో ఓడిపోయింది. ఆ మూడు గోల్స్‌లో రెండు ఆఖరి పది నిమిషాల్లోనే పడ్డయ్. మ్యాచ్ అయినంక ఛాయ్ బండి దగ్గర పెద్దోళ్లందరిదీ ఒకటే మాట: "మనోళ్లకు స్పీడ్ లేదు." వెంటనే ఒకరి మీద పడ్డారు. మా లెఫ్ట్ బ్యాక్ మీద. పదో తరగతి పిల్లగాడు. వాడిని తీసేసి, స్కూల్లో వంద మీటర్ల పరుగులో ఫస్ట్ వచ్చే ఇంకో పిల్లగాణ్ని పెట్టాలని దాదాపు ఖాయం చేసేశారు.

పొద్దుగూకినంక వాడు నా దగ్గరికొచ్చి, "అన్నా, నేను నిజంగనే స్లోనా?" అని అడిగిండు. నా దగ్గర జవాబు లేకుండె. అందుకే ఈ ఎపిసోడ్.

ముందుగా ఒక మాట ఒప్పుకుందాం. ఫుట్‌బాల్‌లో వేగం చిన్న విషయం కాదు. జర్మనీ బుందెస్‌లీగాలో 360 గోల్స్ వీడియోలు చూసి చేసిన ఒక పరిశోధన 2012లో వచ్చింది. గోల్ కొట్టిన ఆటగాడు దాదాపు 45 శాతం సందర్భాల్లో దానికి ముందు నేరుగా ఒక స్ప్రింట్ తీశాడని అందులో తేలింది. కాబట్టి "స్పీడ్‌తో పనిలేదు, టెక్నిక్ ఉంటే చాలు" అని నేను చెప్పను.

కానీ ఏ స్పీడ్? అసలు గొడవంతా అక్కడే ఉంది.

ఉసేన్ బోల్ట్‌ని తీసుకోండి. 2009లో బెర్లిన్‌లో 100 మీటర్లు 9.58 సెకన్లలో పరుగెత్తాడు. ఆ పరుగులో మొదటి 20 మీటర్లకు 2.89 సెకన్లు పట్టింది. 60 నుంచి 80 మీటర్ల మధ్య అదే 20 మీటర్లకు 1.61 సెకన్లు చాలు. అంటే ప్రపంచంలోనే వేగమైన మనిషికి కూడా పూర్తి వేగం అందుకోవడానికి 60 మీటర్లు కావాలి. మన మ్యాచ్‌లో ఎవరికైనా 60 మీటర్లు అడ్డం లేకుండా దొరుకుతాయా? ఎప్పుడో ఒకసారి. మామూలుగా ఐదు, పది, ఇరవై మీటర్లు. అంతలోనే ఆగాలి, తిరగాలి, మళ్లీ ఉరకాలి. అదే బోల్ట్ 2018లో ఆస్ట్రేలియా క్లబ్ సెంట్రల్ కోస్ట్ మెరైనర్స్‌లో ట్రయల్‌కి వెళ్లాడు. ఒక ఫ్రెండ్లీ మ్యాచ్‌లో రెండు గోల్స్ కూడా కొట్టాడు. అయినా కాంట్రాక్ట్ కుదరలేదు, తిరిగొచ్చేశాడు.

ఇప్పుడు చిన్న లెక్క. కాగితం అక్కర్లేదు, వినండి చాలు. అవతలి వింగర్ సెకనుకు 8 మీటర్లు ఉరుకుతాడు. మన డిఫెండర్ సెకనుకు 7.5 మీటర్లు. ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టి 20 మీటర్లు ఉరికితే, వింగర్‌కి రెండున్నర సెకన్లు పడుతుంది. అంతలో మనోడు 18.75 మీటర్ల దాకా వస్తాడు. అంటే మీటరుంబావు వెనక. గోల్ పడ్డట్టే. కానీ మనోడు సెకనులో ఆరో వంతు ముందుగా కదిలితే? లేదా మొదట్లోనే మీటరుంబావు వెనక్కి జరిగి నిలబడితే? ఇద్దరూ ఒకేసారి చేరుకుంటారు. సెకనులో ఆరో వంతు అంటే రెప్పపాటు. ఆ రెప్పపాటు కాళ్లలో దొరకదు, కళ్లలో దొరుకుతుంది. బాల్ రాకముందే భుజం మీదుగా ఒకసారి వెనక్కి చూసినోడికి దొరుకుతుంది.

ఇదంతా నేను కొత్తగా కనిపెట్టింది కాదు. మన హైదరాబాద్ సార్ ఒకాయన డెబ్బై ఏళ్ల కిందే ఇట్లాంటి ఆట నేర్పించిండు. సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తి టీచర్. ఆయన కోచింగ్‌లో హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన నాన్-డ్రిబ్లింగ్ మ్యాచ్‌లు పెట్టేవారు. బాల్‌ని కాళ్ల దగ్గరే తిప్పుకుంటూ కూర్చోవద్దు, తొందరగా పాస్ ఇవ్వాలి. ఎందుకంటే గట్టిగా కొట్టిన బాల్ ఏ మనిషికన్నా వేగంగా ఉరుకుతుంది. దానికి ఆయాసం కూడా రాదు.

1962 జకార్తా ఏషియన్ గేమ్స్ చూడండి. మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా మనల్ని 2-0తో ఓడించింది. పది రోజులు కూడా తిరగకముందే సెప్టెంబర్ 4న ఫైనల్‌లో మళ్లీ అదే కొరియా. ఈసారి 2-1తో మనం గెలిచాం. పది రోజుల్లో ఎవరి కాళ్ల వేగమూ పెరగదు కదా! మరి ఏం మారింది? తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ని రహీం సార్ ముందుకు తెచ్చి సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించారు. ఒక గోల్ పీకే బెనర్జీది, రెండోది ఆ జర్నైల్‌దే. మనిషి వాడే, నిలబడిన చోటు వేరే.

సరే, ఇక మన గ్రౌండ్‌కి వద్దాం. మీ టీమ్ స్పీడ్ కొలవడానికి పెద్ద మిషన్లు అక్కర్లేదు. ఫోన్ చాలు.

ఒకటి, ముగ్గుపిండితో సున్నా, పది, ముప్పై మీటర్ల దగ్గర గీతలు గీయండి. టేపుతో కొలవండి, అడుగులతో కాదు. రెండు, ఫోన్‌ని పక్కన దూరంగా, కదలకుండా పెట్టి, సెకనుకు 60 ఫ్రేముల్లో వీడియో తీయండి. ఛాతీ గీత దాటిన ఫ్రేమ్ ఎక్కడుందో చూసి ఫ్రేములు లెక్కపెట్టండి. 60 ఫ్రేములు అంటే ఒక సెకను. మూడు, ఇదే అసలైన పరీక్ష: ముప్పై మీటర్లు ఆరుసార్లు. మధ్యలో ఇరవై ఐదు సెకన్లే ఆగాలి. మొదటిదానికీ ఆరోదానికీ తేడా రాసుకోండి. ముందు పదిహేను నిమిషాలు వార్మప్ చేయకుండా మాత్రం ఉరకొద్దు. తొడ వెనక కండరం పట్టేస్తే నెల రోజులు ఇంట్లోనే.

మేం బుధవారం పొద్దున్నే చేసినం. పది మీటర్ల దగ్గర మా లెఫ్ట్ బ్యాక్‌కీ, వంద మీటర్ల పిల్లగానికీ తేడా రెండే రెండు ఫ్రేములు. ముప్పై మీటర్లకు మాత్రం వాడు బాగా ముందుకు పోయిండు, అందులో డౌట్ లేదు. కానీ ఆరో పరుగుకొచ్చేసరికి ఆ ఫాస్ట్ పిల్లగాడు మోకాళ్ల మీద చేతులు పెట్టి వంగిపోయిండు. మా లెఫ్ట్ బ్యాక్ మొదట ఎట్ల ఉరికిండో ఆఖర్న కూడా దాదాపు అట్లనే ఉరికిండు. టీమ్‌లో మిగతావాళ్లలో సగానికి పైగా ఆరో పరుగుకి ఢీలా పడ్డరు. ఆఖరి పది నిమిషాల్లో గోల్స్ ఎందుకు పడ్డయో అప్పుడు సమజైంది. మాకు స్పీడ్ లేక కాదు, దాన్ని మళ్లీ మళ్లీ తీసే దమ్ము లేక.

అట్లని వాడి తప్పు లేదా అంటే, ఉంది. మ్యాచ్ వీడియో వాడికే చూపించిన. రెండో గోల్‌కి వాడు బాల్‌నే చూస్తూ నిలబడ్డాడు. వింగర్ వెనక నుంచి వెళ్లిపోయాక గానీ కదల్లేదు. వాడు కాసేపు ఏం మాట్లాడలే. తర్వాత, "నేను స్లో కాదన్నా, లేటు," అన్నడు. నేను ఇన్ని లెక్కలు చెప్పిన, వాడు ఒక్క ముక్కలో చెప్పేసిండు.

పెద్దోళ్లకు ఫోన్ చూపించినం. వాదన గంటసేపు నడిచింది. చివరికి లెఫ్ట్ బ్యాక్ అక్కడే ఉంటడు, ఫాస్ట్ పిల్లగాడు రైట్ వింగ్‌లో ఆడతడు. వారంలో రెండు రోజులు ఆరు పరుగుల ప్రాక్టీస్, ఒక రోజు ఖిల్లా ఎక్కుడు, అందరికీ.

మీ టీమ్‌లో కూడా "వీడు స్లో" అని పక్కన కూర్చోబెట్టిన పిల్లగాడు ఒకడు ఉండే ఉంటడు. వాణ్ని తీసేసే ముందు ఒకసారి గీతలు గీసి చూడండి. స్లోనా, లేటా, లేక అలసిపోయాడా? మూడింటికీ మందు వేరు. ఆదివారం మ్యాచ్ ఏమైందో వచ్చే ఎపిసోడ్‌లో చెప్తా. ఉంటా మరి.