ఎర్ర మూత నీలి బుట్టలోకి ఎందుకు వెళ్లాలి?

హోసూరులో పొద్దున్నే పాల అంగడి ముందు నిలబడేవాళ్లు వెన్న శాతం అడగరు, రంగు చెబుతారు. ‘రెండు నీలం, ఒక ఆరెంజ్’ అంటే చాలు, ఆవిన్ పాకెట్లు చేతికొస్తాయి. నీలంలో టోన్డ్ పాలు, ఆరెంజ్‌లో వెన్న తీయని చిక్కటి పాలు. అమ్మ చంకనెక్కి వచ్చిన పిల్ల రోజూ ఈ మాట వింటుంది. పాలు గిన్నెలో పోసుకున్నాక ఆ పాకెట్లను కత్తిరించి, కడిగి ఆరేసి, పాత పెళ్లిపత్రికల అట్టలకు అంటిస్తే రంగులు నేర్పే కార్డులు తయారు. పైసా ఖర్చు లేదు.

హోసూరు ఉన్న తమిళనాడు కృష్ణగిరి జిల్లాలో ఇలాంటి సరుకుకు కొదవ లేదు. నీళ్లసీసాల మూతలు, ఐస్‌క్రీం డబ్బాలు, అట్టపెట్టెలు, కొబ్బరిచిప్పలు, మామిడి కాలంలో బెంగళూరా టెంకలు, హోసూరు తోటల నుంచి గుడికీ ఇంటికీ వచ్చి వాడిపోయిన గులాబీలు. రంగులు గుర్తుపట్టడం, చెప్పిన పని చెప్పినట్టు చేయడం అనే రెండు తొలి పాఠాలనూ వీటితోనే ఆడిస్తూ నేర్పవచ్చు. 1975 అక్టోబరు 2న దేశంలో 33 బ్లాకుల్లో సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం మొదలైనప్పుడే, అంగన్‌వాడీ చేయాల్సిన పనుల్లో పోషకాహారం, టీకాలతో పాటు బడికి ముందు చదువునూ చేర్చారు. ఆ చదువుకు కావాల్సింది ఖరీదైన బొమ్మలు కావు. ఏ ఆట ముందు, ఏ ఆట వెనుక అన్న వరుస తెలియడమే ముఖ్యం.

ఆ వరుస దగ్గరే పెద్దలు తప్పటడుగు వేస్తారు. ఆకుపచ్చ బకెట్టు, నీలి బకెట్టు పక్కపక్కన పెట్టి, చెత్త వేరు చేయడం, రంగులు చెప్పడం రెండూ ఒకే దెబ్బకు నేర్పేయాలని చూస్తారు. మూడేళ్ల పాప చేతికి ఎర్రటి ప్లాస్టిక్ మూత ఇచ్చి ‘ఇది యాడ పెట్టాల పాపా?’ అని అడిగితే ఏమవుతుంది? పాప ఆకుపచ్చ బకెట్టు చూస్తుంది, నీలి బకెట్టు చూస్తుంది. ఎర్ర బకెట్టు కనిపించదు. చివరికి నడుచుకుంటూ వెళ్లి ఆ మూతను టీచరమ్మ ఎర్రచీర కుచ్చిళ్ల మీద పెడుతుంది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతారు. నిజానికి పాప చేసింది పూర్తిగా సరైన పని. ఎరుపును ఎరుపుతో కలిపింది. ప్లాస్టిక్ మూత ఏ రంగుదైనా పొడి చెత్తే, పొడి చెత్త నీలి బుట్టలోకే వెళ్లాలి అన్నది పూర్తిగా వేరే పాఠం. కంటికి కొట్టొచ్చినట్టు కనిపించే రంగును పక్కన పెట్టి, కనిపించని నియమాన్ని పట్టుకోవాలి. ఆ వయసుకు అది మోయలేని బరువు.

ఈ సంగతిని బాల మనస్తత్వ శాస్త్రవేత్తలు చాలాసార్లు పరీక్షించి చూశారు. 1995లో డగ్లస్ ఫ్రై, ఫిలిప్ డేవిడ్ జెలాజో బృందం ప్రచురించిన ప్రయోగంతో పేరుపడిన ఒక చీట్ల ఆట ఉంది. కుందేలు, పడవ లాంటి బొమ్మలున్న రంగుల చీట్లను ముందు రంగును బట్టి వేరు చేయమంటారు. మూడేళ్ల పిల్లలు చకచకా చేసేస్తారు. తర్వాత ‘ఇప్పుడు రంగు ఆట అయిపోయింది, బొమ్మ ఆట’ అని చెప్పి బొమ్మను బట్టి పెట్టమంటారు. మూడేళ్లవాళ్లలో ఎక్కువమంది మళ్లీ రంగును బట్టే పెడతారు. కొత్త నియమం ఏమిటని అడిగితే నోటితో సరిగ్గానే చెబుతారు, చెయ్యి మాత్రం పాత దారిలోనే పోతుంది. నాలుగైదేళ్లు వచ్చేసరికి చాలామంది మారగలుగుతారు. కుప్పతొట్టి ముందు నిలబడి తటపటాయించే పిల్ల మొద్దూ కాదు, మొండీ కాదు. ఏడాది ఆగితే అదే పిల్ల అమ్మకే తప్పులు దిద్దుతుంది.

అందుకని మొదటి ఆటలో చెత్తబుట్ట ఊసే రాకూడదు. నేల మీద ఎర్రగుడ్డ, పసుపుగుడ్డ, నీలిగుడ్డ పరిచి, డబ్బాల పెద్ద మూతలు ఒక గంపలో పోసి, ఏ రంగు మూతను ఆ రంగు గుడ్డ మీద పెట్టమనాలి. మూడు రంగులు చాలు. మరియా మాంటిస్సోరి రంగుల పలకల మొదటి పెట్టెలో ఉన్నవీ ఈ మూడే: ఎరుపు, పసుపు, నీలం, ఒక్కోటి జతగా. ఆవిడ 1939లో మద్రాసు వచ్చి అడయారు దివ్యజ్ఞాన సమాజంలో ఉపాధ్యాయులకు శిక్షణ మొదలుపెట్టారు, యుద్ధకాలమంతా ఇండియాలోనే ఉండిపోయారు. ఆమె బోధనలో పేర్లు నేర్పడానికి మూడు మెట్లున్నాయి. ముందు టీచరే ‘ఇది ఎరుపు’ అని చూపిస్తుంది. రెండో మెట్టులో ‘ఎరుపు ఏది, చూపించు’ అంటుంది. ‘ఇదేం రంగు?’ అన్న ప్రశ్న ఆఖరిది. మన ఇళ్లలో చుట్టాలు రాగానే పిల్లలకు మొదట పడేది ఆ ఆఖరి ప్రశ్నే!

రంగుల పేర్లు పిల్లలకు ఎందుకంత కష్టం? నెలల పసికందు కూడా ఎరుపుకీ నీలానికీ తేడా కనిపెడుతుంది. పేరు అతుక్కోవడానికి మాత్రం ఏళ్లు పడుతుంది. చార్లెస్ డార్విన్ తన పిల్లలు రంగుల పేర్లు తప్పు చెబుతుంటే వాళ్లకు చూపులో లోపం ఉందేమోనని భయపడి, ఆ సంగతి రాసిపెట్టాడు కూడా. కుర్చీ అంటే కుర్చీయే. ఎరుపు అంటే మూత, మిరపపండు, బస్సు, అత్త చీర అన్నీ. వస్తువును వదిలి గుణాన్ని మాత్రమే పట్టుకోవాలి. మైకేల్ రామ్‌స్కార్ బృందం 2010లో వెలువరించిన అధ్యయనం ఒక చిన్న చిట్కా ఇస్తుంది. రంగును వస్తువు పేరుకు ముందు కాకుండా తర్వాత చెబితే రెండేళ్ల పిల్లలు బాగా నేర్చుకున్నారని అందులో తేలింది. ఆ పరిశోధన జరిగింది ఇంగ్లిష్ మాట్లాడే పిల్లల మీద. అయినా ‘ఎర్ర మూత తీసుకురా’ అనేముందు ‘ఈ మూత చూడు, ఎర్రగా ఉంది’ అని నాలుగు రోజులు అనడానికి ఏ టీచరుకూ కష్టం ఉండదు.

చెప్పిన పని చేయడం అన్నది రెండో సగం. ఏడాదిన్నర పిల్ల సైగ చేయకుండా చెప్పినా ఒక పని చేయగలదు: ‘మూత ఇవ్వు.’ రెండున్నరేళ్లకు రెండు కలిపి చెప్పవచ్చు: ‘మూత ఎత్తుకో, గంపలో వెయ్యి.’ ఇంకో ఏడాది రెండేళ్లు గడిస్తే మూడు పనుల వరుసనూ పట్టుకోగలరు: ‘డబ్బా తీసుకో, మూత విప్పు, మూత పసుపుగుడ్డ మీద పెట్టు.’ పని చెడిపోతే గొంతు పెంచి అదే వాక్యం తిరిగి చెప్పడం వల్ల లాభం లేదు. వాక్యాన్ని రెండుగా విరిచి చెబితే సరిపోతుంది.

పరుగులు తీసే ఆటల్లో ఇది ఇంకా బాగా వస్తుంది. తెలుగు పిల్లలకు నేలా–బండా ఆట ఉండనే ఉంది. దొంగ ‘నేల’ అంటే ఎవరూ నేల మీద నిలబడకూడదు, ‘బండ’ అంటే బండ మీద ఉండకూడదు. మాట వినాలి, ఒక్క క్షణం ఆగాలి, అప్పుడే కదలాలి. దీన్నే తడి–పొడిగా మార్చుకోవచ్చు. సుద్దముక్కతో ఆకుపచ్చ గీత ఒకటి, నీలిగీత ఒకటి గీసి, టీచరు అరటితొక్క ఎత్తి చూపితే ఆకుపచ్చ వైపు, అట్టముక్క చూపితే నీలం వైపు పరుగెత్తాలి. నాలుగేళ్లు దాటినవాళ్లకు అలవాటయ్యాక నియమం తిప్పేయాలి: ఈసారి తడి అంటే కూర్చోవాలి, పొడి అంటే గెంతాలి. అమెరికాలో ఓరెగాన్ స్టేట్ యూనివర్సిటీకి చెందిన మేగన్ మెక్‌లెలాండ్, షానా టోమినీ ఇటువంటి రంగుల ఆటలనే బడికి ముందు పిల్లలతో ఆడించి చూశారు. ఒక రంగుకు ఆగడం, ఇంకో రంగుకు కదలడం, తర్వాత నియమం తలకిందులు. మొదట్లో కుదురు తక్కువగా ఉన్న పిల్లలకు ఆ ఆటల వల్ల ఎక్కువ మేలు జరిగిందని 2011లో వచ్చిన వారి పరిశోధన చెబుతుంది.

కృష్ణగిరి పిల్లలకు ఇంకో చిక్కు ఉంది. వేపనపల్లి, బాగలూరు, బేరికె వైపు చాలా ఇళ్లలో తెలుగు, అంగన్‌వాడీలో తమిళం, సంతలో కన్నడం. ఇంట్లో ఎరుపు, బడిలో సివప్పు, వీధిలో కెంపు. నోటిమాట మీదే ఆధారపడితే కొత్తగా వచ్చిన పిల్ల బెదిరిపోతుంది. అందుకే చూపించే వస్తువు, గోడ మీద అంటించిన బొమ్మ ఇక్కడ ఎక్కువ పని చేస్తాయి. బొమ్మల గుర్తులతో పిల్లలే తమ తర్వాతి పనిని ఎంచుకునే కార్డులను మదనపల్లె దగ్గర రిషివ్యాలీలో పద్మనాభరావు, రమ దంపతులు తెలుగు పల్లె బడుల కోసం రూపొందించారు. 2003లో చెన్నై కార్పొరేషన్ బడులు ఆ పద్ధతినే మలచుకుని వాడాయి, ఆ తర్వాత తమిళనాడు అంతటా వ్యాపించింది. తెలుగు పల్లెలో పుట్టిన ఆలోచన తమిళ తరగతుల్లోకి వెళ్లిందన్నమాట. బుట్ట మీద తొక్క బొమ్మ, సీసా బొమ్మ అంటిస్తే అంగన్‌వాడీకీ అదే మేలు దక్కుతుంది.

బుట్టల రంగులు కూడా సరిహద్దు దాటితే మారతాయి. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు చెత్తను పుట్టినచోటే వేరు చేయాలన్నాయి. 2017 జూన్‌లో స్వచ్ఛ భారత్ ప్రచారం తడికి ఆకుపచ్చ, పొడికి నీలం అని ఊరూరా చాటింది. హోసూరు నుంచి 40 కిలోమీటర్లు వెళితే బెంగళూరు. అక్కడ 2015 డిసెంబరు నాటి హైకోర్టు ఆదేశంతో రెండు బుట్టలు, ఒక సంచి పద్ధతి వచ్చింది: తడికి ఆకుపచ్చ బుట్ట, డైపర్ల వంటి వాటికి ఎర్రబుట్ట, పొడి చెత్తకు సంచి. ఇటు కుప్పం వైపు అవ్వగారింటికి వెళితే, 2021 అక్టోబరు 2న మొదలైన క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమం కింద ఆంధ్ర పట్టణాల్లో ఇంటింటికీ ఇచ్చినవి మూడు బుట్టలు: ఆకుపచ్చ, నీలం, ఎరుపు. మూడు చోట్లా మారనిది ఒక్కటే, తడి చెత్తకు ఆకుపచ్చ. కాబట్టి నాలుగేళ్ల పిల్లలకు బుట్టల ఆట మొదలుపెడితే ఆకుపచ్చతోనే మొదలుపెట్టాలి. నీలం తర్వాత, ఎరుపు చివర. పసుపుకు తమిళనాడు వేరే పని అప్పగించింది: 2019 జనవరి 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌ను నిషేధించాక, 2021 డిసెంబరులో ‘మీండుం మంజప్పై’ పేరుతో పసుపు గుడ్డసంచిని తిరిగి జనం చేతికిచ్చింది. అంగడికి వెళ్లేముందు ‘పసుపు సంచి తీసుకురా’ అని పంపితే రంగు, పని రెండూ ఒక్క మాటలో వచ్చేస్తాయి.

జాగ్రత్తల విషయంలో ఎవరూ మొహమాటపడకూడదు. ఆటకు వాడేది చెత్త కాదు, కడిగి ఎండబెట్టిన వస్తువులు. మూడేళ్లలోపు పిల్లల గొంతుకు అడ్డుపడే ప్రమాదాన్ని కొలిచే ప్రామాణిక గొట్టం వెడల్పు 31.7 మిల్లీమీటర్లు. మామూలు నీళ్లసీసా మూత అందులో పట్టేస్తుంది! చిన్నపిల్లలకు డబ్బాల పెద్ద మూతలే ఇవ్వాలి. గాజు, మందుల అట్టలు, బటన్ బ్యాటరీలు గదిలోకే రాకూడదు. ఆట అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఎరుపు, ఆకుపచ్చ తేడా ఎంతకీ పట్టుకోలేని పిల్లవాడు ఉంటే తిట్టకుండా కంటి డాక్టరుకు చూపించాలి. పుట్టుకతో వచ్చే ఈ లోపం ఆడపిల్లల కంటే మగపిల్లల్లో చాలా ఎక్కువ.

ఇంకొకటి ఉంది, అన్నిటికన్నా పెద్దది. చెత్తబండి ఆట కూడా ఆడిస్తే, బండి తోసే వంతు అందరికీ రావాలి. పారిశుద్ధ్య కార్మికుల ఇంటి పిల్లవాడికే రోజూ ఆ పాత్ర అంటగడితే, రంగులతో పాటు కులాన్నీ నేర్పినట్టే. పొద్దున ఊళ్లో చెత్త తీసుకెళ్లే అక్కను పిల్లలు పేరుపెట్టి, వరసపెట్టి పిలవడం, వీలైతే ఒకరోజు ఆవిడ చేతే ఆట ఆడించడం ఈ పాఠంలో భాగం కావాలి. ఆవిడకు తెలిసినంతగా ఈ సబ్జెక్టు టీచరుకు కూడా తెలియదు.

ఐదేళ్లవాళ్లకు ఇంకాస్త లోతుగా వెళ్లవచ్చు. గుజిరి అంగడిలో రంగులేని సీసాలు, రంగు సీసాలు వేరువేరు గుట్టలు. రంగు లేనిదానికి గిరాకీ ఎక్కువ. సీసా, దాని మూత కూడా ఒకే జాతి ప్లాస్టిక్ కావు. టబ్బులో నీళ్లు పోసి, పెద్దవాళ్లు కత్తిరించి అంచులు నునుపు చేసిన సీసా ముక్కను వేస్తే అడుగుకు పోతుంది, మూత పైన తేలుతుంది. సీసా పెట్ ప్లాస్టిక్, నీటికన్నా బరువు. మూత పాలీఇథలిన్ లేదా పాలీప్రొపిలిన్, నీటికన్నా తేలిక. రీసైక్లింగ్ ఫ్యాక్టరీల్లో వీటిని విడదీసేది ఈ కిటుకుతోనే. పిల్లలకు ఈ పేర్లు అక్కర్లేదు. ‘ఏది మునుగుతుందో చెప్పు, ఆ తర్వాత వెయ్యి’ అంటే ఆ ఒక్క టబ్బు చుట్టూ గంట గడిచిపోతుంది.

ఇటలీలోని రెజ్జియో ఎమీలియా పట్టణం 1996లో రెమీడా పేరుతో ఒక కేంద్రం తెరిచింది. చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో మిగిలిపోయిన శుభ్రమైన అట్టలు, గొట్టాలు, గుడ్డముక్కలు, తోలుముక్కలు అక్కడికి చేరతాయి. శిశుబడుల టీచర్లు వచ్చి కావాల్సినవి పట్టుకెళతారు. హోసూరులోనూ అశోక్ లేలాండ్, టీవీఎస్, టైటాన్ ఉన్నాయి, సిప్‌కాట్ పారిశ్రామికవాడ నిండా వందల చిన్న యూనిట్లున్నాయి. అట్టపెట్టెలు, అట్టగొట్టాలు వాటి గేట్ల నుంచి రోజూ బయటకు పోతూనే ఉంటాయి. నూనె, రసాయనాలు అంటనివి వేరు చేసి పెట్టడానికి ఒక గది, వాటిని అంగన్‌వాడీలకు పంచడానికి నెలకు రెండుసార్లు ఒక బండి, జాబితా రాసిపెట్టే ఒక మహిళా సంఘం ఉంటే హోసూరులోనూ అటువంటి కేంద్రం పెట్టవచ్చు. కార్పొరేషన్, కంపెనీలు, అంగన్‌వాడీ సూపర్‌వైజర్లు ఒక్కసారి కూర్చుని మాట్లాడుకుంటే వచ్చే మామిడి కాలానికల్లా మొదలుపెట్టగల పని ఇది.