వల మంచిదైతే చాలదు.. లోతు తెలియాలి!

తెల్లారకముందే తెప్ప వేసుకుని పోయి, రాత్రి కట్టిన వల ఎత్తుతారు. నాలుగు పరకలు, ఒక జెల్ల. పక్క తెప్పాయనకు మాత్రం గంపెడు రవ్వలు! చెరువు ఒకటే, రాత్రి ఒకటే, వల కూడా ఒకే దుకాణంలో కొన్నదే. మరి తేడా ఎక్కడ వచ్చింది? చాలాసార్లు తేడా వలలో ఉండదు. వల దిగిన లోతులో ఉంటుంది.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ఎకరం, రెండెకరాలు సాగు చేసుకుంటూ మత్స్య సహకార సంఘంలో సభ్యులుగా ఉన్న కుటుంబాలు ఎన్నో. యాసంగికి నీళ్లు వదిలి చెరువు తగ్గేకొద్దీ చేపల పట్టుబడి జోరందుకుంటుంది. ఆ కొద్ది నెలల రాబడి మీదే వానాకాలం విత్తనం, ఎరువు ఆధారపడి ఉంటాయి. అప్పు తెచ్చి కొన్న వల ఖాళీగా లేస్తే ఆ దెబ్బ పొలం మీద పడుతుంది. అందుకే కొత్త వల కొనే ముందు, ఉన్న వలను సరైన లోతుకు దించడం నేర్చుకోండి.

ఏ చేప ఏ పొరలో?

మన చెరువుల్లో పెంచే చేపలు నీటిని పంచుకుని బతుకుతాయి. బొచ్చె పైపొరలో తిరుగుతుంది. రవ్వ మధ్య పొరలో మేస్తుంది. మోసు, బంగారుతీగ అడుగున బురదలో మేత వెతుక్కుంటాయి. పైన తేలే వలకు మోసు పడలేదని బాధపడితే లాభం లేదు. ఎండాకాలంలో ఇంకో సంగతి గుర్తుంచుకోండి. అడుగున కుళ్లు ఎక్కువగా ఉన్న చోట కింది నీటిలో ఆక్సిజన్ తగ్గిపోతుంది. అప్పుడు అడుగు చేప కూడా పైకి జరుగుతుంది.

ముందు చెరువును కొలవండి

సన్నని తాడుకు అరకిలో రాయి కట్టి, మీటరుకొక ముడి వేయండి. అంతే, మీ కొలతబద్ద తయారు! తెప్ప మీద తిరుగుతూ పది పదిహేను చోట్ల దించి చూసి, లోతులను కాగితం మీద రాసుకోండి.

నిరుటి లెక్క ఈ యేడు పనికి రాకపోవచ్చు. బయ్యారం పెద్దచెరువు, గణపురం చెరువు కాకతీయుల కాలం నాటివి. అలాంటి పాత చెరువుల్లో ఏండ్ల తరబడి ఒండ్రు చేరి అడుగు మారుతుంటుంది. 2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద పూడిక తీసిన చెరువుల్లో ఒకచోట గుంత, పక్కనే మెరక ఉండొచ్చు. స్టేషన్ ఘన్‌పూర్ రిజర్వాయరు వంటి చోట దేవాదుల నీరు వచ్చినప్పుడు మట్టం ఒకలా, వదిలినప్పుడు ఇంకోలా ఉంటుంది. రాయి దిగిన చోట తుమ్మ మొద్దులు, కంప తగిలితే అక్కడ అడుగు వల వేయకండి. చిక్కిందంటే చిరిగినట్టే.

విదేశాల్లో ఏం చేస్తారు?

అమెరికా, కెనడా మధ్యనున్న పెద్ద సరస్సుల్లో గాలం వేసేవారు చిన్న పడవకు 'డౌన్‌రిగ్గర్' అనే చేతి గిలక బిగిస్తారు. దానికి ఉక్కు తీగ, తీగ చివర నాలుగైదు కిలోల గుండు ఉంటాయి. గాలం దారాన్ని ఆ తీగకు చిన్న పట్టుతో తగిలించి కావలసిన లోతుకు దించుతారు. చేప లాగగానే దారం పట్టు నుంచి ఊడి వస్తుంది. మెల్లగా కదిలే పడవ వెనక ఎరను వెంటాడే చేపలకు అది సరే. మన బొచ్చె, రవ్వ అలా వెంటాడే చేపలు కావు. కాబట్టి ఆ పరికరానికి డబ్బు పోయకండి. కానీ అందులోని కిటుకు మాత్రం మనకు పనికొస్తుంది: బరువు కిందికి లాగాలి, తాడు లోతును నిర్ణయించాలి.

ఒకే వల.. మూడు లోతులు

నిలువుగా కట్టే వలకు పై తాడున బెండ్లు, అడుగు తాడున గుండ్లు ఉంటాయి. బెండ్ల బలం ఎక్కువైతే వల తేలుతుంది, గుండ్ల బరువు ఎక్కువైతే మునుగుతుంది. ఒక్కో లోతుకు ఒక్కో వల కొనడం చిన్న రైతుకు భారం. గుండ్ల బరువు కొంచెం ఎక్కువగా ఉండే వల ఒక్కటి చాలు.

దాన్ని అలాగే వదిలితే అడుగున నిలబడుతుంది. మధ్య పొరకు కావాలంటే పై తాడుకు ఐదు మీటర్లకొకటి చొప్పున మూత బిగించిన ఖాళీ లీటరు సీసాలు కట్టండి. సీసాకు, వలకు మధ్య తాడు రెండు మీటర్లుంటే వల పై అంచు రెండు మీటర్ల లోతులో ఆగుతుంది. తాడు పొట్టి చేస్తే వల పైకి వస్తుంది. లీటరు సీసా దాదాపు కిలో బరువును మోస్తుంది కాబట్టి భయం లేదు.

వల ఎత్తు లెక్క కూడా చూసుకోండి. వలను తాడుకు సగానికి సగం కుచ్చి కడితే, సాగదీసి కొలిచిన ఐదు మీటర్ల వల నీళ్లలో సుమారు 4.3 మీటర్లే నిలబడుతుంది.

గుండు దేనితో?

ఏ బరువైనా నీళ్లలో తేలికవుతుంది. అయితే అన్నీ ఒకేలా కావు. కిలో సీసం నీళ్లలో సుమారు 910 గ్రాములు తూగుతుంది. ఇనుము 870 గ్రాములు, నల్లరాయి 630 గ్రాముల దాకా తూగుతాయి. కాల్చిన మట్టి గుండు దాదాపు సగానికి పడిపోతుంది.

ఒక బెండును నీళ్ల తొట్టిలో వేసి, అది మునిగేదాకా చిన్న చిన్న బరువులు కట్టి చూడండి. బెండు బలం తెలుస్తుంది. ఉదాహరణకు ఒక్కోటి 20 గ్రాములు మోసే బెండ్లు 50 ఉంటే మొత్తం బలం కిలో. వల అడుగున నిలవాలంటే గుండ్లు నీళ్లలో రెండు కిలోలు తూగాలి. అందుకు సీసమైతే 2.2 కిలోలు, ఇనుమైతే 2.3 కిలోలు, రాయి అయితే 3.2 కిలోలు, మట్టి అయితే నాలుగు కిలోల దాకా కావాలి.

సీసం చిన్నగా ఉండి బాగా పనిచేస్తుంది. కానీ అది విషం. ఇంట్లో కరిగించి గుండ్లు పోయకండి. ఆ పొగ, ధూళి పిల్లల మెదడుకు చేటు. ఇనుప కడ్డీ ముక్కలు కొంచెం ఎక్కువ కట్టుకుంటే అదే పని జరుగుతుంది.

వల కన్ను

దుకాణదారు చెప్పే కన్ను కొలత ముడి నుంచి పక్క ముడికా, సాగదీసి కొలిచిందా అని అడగండి. రెంటికీ సగానికి సగం తేడా. మీకు కావలసిన సైజు చేప చుట్టూ మొప్పల దగ్గర ఒకసారి, లావైన చోట ఒకసారి దారం చుట్టి కొలవండి. కన్ను చుట్టుకొలత ఈ రెంటి మధ్య ఉండాలి. సన్న కన్ను వలతో పిల్లలను పడితే ముందు ముందు కిలో తూగే చేపను ఇప్పుడే పావుకిలోకు అమ్ముకున్నట్టు.

తెప్ప మీద జాగ్రత్తలు

గుండ్లన్నీ తెప్పకు ఒకపక్కనే కుప్ప పోయకండి. నిలబడి వల లాగొద్దు, కూర్చుని లాగండి. కాళ్ల చుట్టూ తాడు పడకుండా చూసుకోండి, చేతికందేలా చిన్న కత్తి ఉంచుకోండి. లైఫ్ జాకెట్ లేకుండా దిగకండి. నీళ్లు పారుతున్నప్పుడు తూము, మత్తడి దగ్గరికి వల వేయకండి. ఒంటరిగా పోవద్దు.

ఈ యేడు చెరువు తగ్గకముందే ఒక పూట కేటాయించి కొలత తాడు దించండి. ఒక రాయి, పది ముడులు, పది ఖాళీ సీసాలు. ఖర్చు పెద్దగా లేదు. కొత్త వల కొనాలా వద్దా అన్నది ఆ తర్వాత ఆలోచిద్దురు గానీ!