రమ్మంటే రావాల్సిందే... బేరం మాటేమిటి?

నూజివీడు రైల్వేస్టేషన్‌ నూజివీడులో లేదు. బాపులపాడు మండలంలో, హనుమాన్‌ జంక్షన్‌ దగ్గర ఉంది. చాలామంది ప్రభుత్వోద్యోగుల సంగతీ ఇంతే. కాపురం ఒకచోట, కొలువు ఇంకోచోట. అందుకే ‘వేళకు ఆఫీసులో ఉండాలి’ అనే ఆదేశం వస్తే మొదట గుర్తొచ్చేది సంఘమే. ఇంతకీ సంఘానికి ఉన్న హక్కెంత?

పెట్టుకోవచ్చు... మానలేరు!

సంఘం పెట్టుకునే హక్కు రాజ్యాంగంలోని 19వ అధికరణమే ఇచ్చింది. ‘అందులో సమ్మె హక్కు కలిసిలేదు’ అని సుప్రీంకోర్టు 1962లోనే చెప్పింది. మన రాష్ట్ర ఉద్యోగుల 1964 నాటి ప్రవర్తనా నియమావళి కూడా సమ్మె కూడదంటుంది. 2003లో తమిళనాడు ప్రభుత్వం సమ్మెకు దిగిన దాదాపు 1.7 లక్షల మందిని ఒక్కసారే తీసేసింది. సమ్మె హక్కు లేదన్న కోర్టే, క్షమాపణ చెప్పిన వారిలో అత్యధికుల్ని తిరిగి చేర్చుకునేలా చూసింది.

కాగితం మీద అలా ఉన్నా సమ్మెలు ఆగలేదు. 2013లో రాష్ట్ర విభజనను వ్యతిరేకిస్తూ సీమాంధ్ర ఎన్జీవోలు 66 రోజులు విధులు మానేశారు.

వెలగపూడి పాఠం

2016లో పరిస్థితి వేరు. హైదరాబాద్‌ సచివాలయాన్ని వదిలి వెలగపూడికి రమ్మంది ప్రభుత్వం. పిల్లల చదువులు, భార్యాభర్తల ఉద్యోగాలు, బ్యాంకు అప్పుతో కొన్న ఇళ్లు... అన్నీ అక్కడే. సంఘాలు రామనలేదు, ఎలా రావాలో మాట్లాడాయి. వారానికి అయిదు రోజుల పని, 30 శాతం ఇంటి అద్దె భత్యం, పిల్లలకు స్థానికత, విజయవాడకు ప్రత్యేక రైలు సాధించాయి.

మండలాఫీసు గుమాస్తాకు ఇవేవీ లేవు. 2022 జనవరి పీఆర్సీ జీవోలు పల్లెల్లో అద్దె భత్యాన్ని 12 నుంచి 8 శాతానికి తగ్గించాయి. ఫిబ్రవరి 3న ‘చలో విజయవాడ’కు జనం పోటెత్తారు. 7 నుంచి సమ్మె అన్నారు. అంతకుముందే జరిగిన చర్చల్లో అది 10 శాతమైంది, సమ్మె ఆగింది. అదే ఏడాది ఉపాధ్యాయులకు, 2023 జనవరి నుంచి ఇతర కార్యాలయాలకు ముఖ గుర్తింపు హాజరు వచ్చింది. ‘మా సొంత ఫోన్లోనా?’ అని ఉపాధ్యాయ సంఘాలు నిలదీశాయి. చర్చల తర్వాతే కొంత వ్యవధి దొరికింది.

పాస్‌పుస్తకం పని మీద వచ్చిన మామిడి రైతుకు ఈ జీవోలతో పనిలేదు. కుర్చీలో మనిషి ఉంటే చాలు. కాయ కోతకొచ్చిన రోజుల్లో రెండోసారి తిరగాలంటే ఒక పూట పని పోయినట్టే. ఆయన అడిగేది న్యాయం. మనిషి కుర్చీలో ఉండాలంటే బస్సు, అద్దె, పిల్లల బడి కుదరాలి కదా అని ఉద్యోగి అడిగేదీ న్యాయమే. ఈ రెండో మాట ఆదేశం ఇచ్చాక కాదు, ఇవ్వకముందే వినాలి. సంఘంతో ముందే కూర్చుంటే రైతు తలుపు తాళం చూసి వెనక్కి పోనక్కర్లేదు.