మీకు తెలుసా? సాపుతారా దారిలో లావా రాళ్లు

వజ్రాల సానకు పేరుపడ్డ సూరత్ వరాఛా నుంచి కొండ విడిది సాపుతారాకు సుమారు 160 కిలోమీటర్లు. ఆ దారిలో డాంగ్ ఘాట్ రోడ్డు పక్కన కనిపించే నల్లరాయి దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కిందట నేల చీలికల్లోంచి పొంగి, పొరలు పొరలుగా గడ్డకట్టిన లావా. అందులో అక్కడక్కడా కనిపించే చిన్న గుంతలు ఒకప్పటి వాయు బుడగలే.

ఆ లావా ఎంత దూరం పారిందో! రాజమహేంద్రవరం దగ్గర కాతేరు, పంగిడి క్వారీల్లోనూ ఆ కాలపు రాయే ఉంది. పడమటి నుంచి వెయ్యి కిలోమీటర్ల దాకా ప్రవహించి వచ్చిందని భూగర్భ శాస్త్రవేత్తల అంచనా.

సాపుతారా దారిలోనే ఉనాయీ వేడినీటి బుగ్గలున్నాయి. ఆ వేడి మాత్రం ఎప్పుడో చల్లారిన ఈ లావాది కాదు. వాఘయీ దగ్గర గిరా జలపాతాన్ని వానాకాలంలోనే చూడాలి. సాపుతారాలో సరస్సు ఒడ్డున ఒక రాత్రైనా బస చేస్తే బడలిక తీరుతుంది.