గవర్నర్‌పేటలో తలెత్తి నడవాలి

సంక్రాంతి సెలవుల్లో నేను విజయవాడ వెళ్ళాను. మా మామయ్య అక్కడ తాపీ పని చేస్తాడు. ఒక ఆదివారం పొద్దున్నే నన్ను గవర్నర్‌పేట వైపు నడిపించి, పాత కట్టడాలను ఎలా గుర్తుపట్టాలో చెప్పాడు. అది మీకూ తెలియాలని రాస్తున్నాను.

గవర్నర్‌పేట అంటే గవర్నర్ గారి బంగళా ఉంటుందనుకున్నాను. మామయ్య నవ్వాడు. ఆయన ఉండేది సూర్యారావుపేటలోనంట. ఇక్కడ ఎటు చూసినా కొట్లే.

ముందు దగ్గర్లోని రామమోహన గ్రంథాలయం చూశాం. అది 1911లో మొదలైంది. 1914 ఏప్రిల్‌లో అయ్యంకి వెంకటరమణయ్య గారు బెజవాడలో గ్రంథాలయాల వాళ్ళందరినీ పిలిచి సభ పెట్టారు. అక్కడే ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది.

తర్వాత బీసెంట్ రోడ్డు. అనీబిసెంట్ గారి పేరు అది. కొట్లు ఇంకా తీయలేదు. "ఒరే అల్లుడూ, బోర్డులు కాదు, పైకి చూడు. కింద కొట్టు మారుతుంది గానీ పై అంతస్తు అలాగే ఉంటుంది" అన్నాడు మామయ్య. ఆయన చెప్పిన గుర్తులు ఇవి:

1. గోడ మందం. సిమెంటు రాకముందు ఇటుకను గానుగ సున్నంతో కట్టేవారు. అందుకే గోడలు మందం. కిటికీ దగ్గర చూస్తే తెలిసిపోతుంది.

2. పైకప్పు. టేకు దూలాలు వేసి, వాటి మీద సన్న ఇటుకలు నిలబెట్టి, సున్నం వేసి దిమ్మిస కొడతారు. దాన్ని మద్రాసు టెర్రసు అంటారు.

3. పిట్టగోడ. సున్నంతో చేసిన పూలు, లతలు ఉంటాయి. కొన్నింటి మీద కట్టిన సంవత్సరం కూడా ఉంటుంది.

ఒక సందులో పాత మేడ కూలగొడుతున్నారు. దూలాలు రోడ్డు పక్కన పేర్చి ఉన్నాయి. ఒకదాని మీద చెయ్యి వేశాను. టేకే! మా ముత్తాత గోదావరి మీద కలపను వెదురుతో తెప్ప కట్టి రాజమండ్రి దాకా నడిపేవాడని మా తాత చెప్పేవాడు. ఆ రోజుల్లో గోదావరి నుంచి ఏలూరు కాలువ మీదుగా బెజవాడకు పడవలు వచ్చేవి. ఆ దూలం మా అడవిదేనేమో! ఎవరిని అడిగితే తెలుస్తుంది?

చివరికి బందరు రోడ్డులో మ్యూజియం. విక్టోరియా రాణి పాలనకు యాభై ఏళ్ళు నిండాయని 1887 జూన్ 27న రాబర్ట్ సివెల్ అనే దొర దానికి శంకుస్థాపన చేశాడు. ఇప్పుడు దాన్ని బాపు మ్యూజియం అంటారు. బాగుచేసి 2020లో మళ్ళీ తెరిచారు. అల్లూరులో దొరికిన బుద్ధుడి విగ్రహం అక్కడే ఉంది.

శంకుస్థాపన చేసిన దొర పేరు నూరేళ్ళు దాటినా అందరికీ తెలుసు. దూలం కోసినవాళ్ళ పేరు, తెప్ప నడిపినవాళ్ళ పేరు ఏ గోడ మీదా లేదు. ఎందుకంటే ఎవరూ రాసిపెట్టలేదు. మా తాత పోయాడు. ముత్తాత పేరు తప్ప నాకింకేం తెలీదు.

మీ తాతలు ఉన్నారు కదా! ఈసారి ఇంటికెళ్ళినప్పుడు ఏ పని చేశారో, ఎక్కడెక్కడ చేశారో అడిగి రాసుకురండి. వార్డెన్ సారుకు ఒక మనవి: మన లైబ్రరీ బీరువాలో పెట్టడానికి ఒక లాంగ్ నోటుబుక్కు ఇప్పించండి. మొదటి పేజీలో మా ముత్తాత పేరు నేను రాస్తాను.